గీతాంజలి నాటికకు అనుమతి ఎవరిని అడగాలి?

చలంగారి తెలుగు గీతాంజలిని నృత్యనాటిక చేయాలంటే కాపీరైట్ లెక్క 50 ఏళ్లా, 60 ఏళ్లా అని అడిగారు కదండీ. రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లే.

ఠాగూర్ పోయింది 1941లో. పాత చట్టం ప్రకారం 1991 ఆఖరుతో హక్కులు తీరిపోవాలి. సరిగ్గా ఆ డిసెంబరు 28 నుంచే అమలయ్యేలా కేంద్రం గడువును పదేళ్లు పొడిగించింది. ఠాగూర్ రచనల హక్కులున్న ఆయన విశ్వవిద్యాలయం విశ్వభారతికి కలిసొచ్చింది, నాటకాలవాళ్లకు ఇంకో పదేళ్ల ఎదురుచూపు! అప్పటికే గడువు తీరిన రచనలకు మాత్రం హక్కు తిరిగి రాలేదు. మూలం 2002 జనవరి 1 నుంచి అందరిదీ.

మీ అసలు చిక్కు అనువాదంతో. దాని హక్కు వేరు. చలంగారు 1979లో పోయారు కాబట్టి 2039 చివరిదాకా హక్కుదారుల నుంచి రాతపూర్వక అనుమతి కావాలి. అంత తిరగలేనంటారా, ఠాగూర్ సొంత ఇంగ్లీషు నుంచి మీరే తెలుగు చేసుకోండి. టెన్షన్ ఉండదు, పైగా ఆ తెలుగుపై హక్కు మీదే.