క్యూఆర్ పీకేస్తే తీరే సమస్య కాదిది

ప్రశ్న: మాది మదనపల్లె. బెంగళూరు మారతహళ్లిలో కిరాణా కొట్టు నడుపుతున్నాను. ఏడాదికి 60 లక్షల వ్యాపారం. ఇందులో సగానికి పైగా యూపీఐలోనే, నా సేవింగ్స్ ఖాతాలో పడుతుంది. గత నెల ఆ ఖాతాను బ్యాంకు హోల్డ్‌లో పెట్టింది. హోల్‌సేల్ వాళ్లకు కట్టడానికి మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టాను. జీఎస్టీ నోటీసుల టెన్షన్ కూడా ఉంది. క్యూఆర్ తీసేయమంటారా? పేమెంట్ యాప్‌లో లక్ష రూపాయల లోన్ చూపిస్తోంది. రోజుకు 330 చొప్పున ఏడాది కట్టాలి. ఫ్రిజ్ కోసం తీసుకోవచ్చా?

జవాబు: ఒకపక్క క్యూఆర్ వద్దంటూనే, ఆ క్యూఆర్ వసూళ్లలోంచే కోసుకునే అప్పుకు సిద్ధపడుతున్నారు. చాలామంది కొట్ల యజమానులు ఇలాగే ఆలోచిస్తున్నారు కాబట్టి కాస్త గట్టిగానే చెబుతాను.

ముందు అప్పు సంగతి. 330 చొప్పున 365 రోజులకు 1,20,450 అవుతుంది. ఇరవై శాతమే కదా అనుకుంటున్నారేమో. అప్పు తీసుకున్న అసలు మొత్తం రోజూ తగ్గుతూ వస్తుంది కాబట్టి నిజమైన వడ్డీ 38 శాతం దాకా తేలుతుంది, ప్రాసెసింగ్ ఫీజు దీనికి అదనం. బేరం లేని రోజు కూడా వాళ్ల లెక్క ఆగదు. వద్దు.

ఖాతా హోల్డ్‌లో పడటం మీ తప్పు కాదు. ఎవరినో మోసం చేసి కాజేసిన డబ్బు చేతులు మారి, దాంతో ఎవరైనా మీ కొట్లో సరుకు కొన్నా, సైబర్ ఫిర్యాదు మీ ఖాతా దాకా వస్తుంది. తప్పెక్కడంటే, గాజులు తప్ప మీ దగ్గర వేరే దారి లేకపోవడం. అద్దె, కుర్రాడి జీతం, ఇంటి ఖర్చు కలిపి మీకు నెలకు 60,000 అవుతుందనుకుందాం. మూడు నెలలకు 1,80,000. ఇది వేరే బ్యాంకులో, ఏ క్యూఆర్‌కూ లింకు లేని ఖాతాలో ఉండాలి. యాప్‌కు కడదామనుకున్న ఆ 330నే రోజూ గల్లా కట్టేసేటప్పుడు పక్కన తీయండి, వారానికోసారి జమ చేయండి. ఏడాదికి రెండు నెలల ఖర్చు చేతిలో ఉంటుంది. ఒక నెల ఖర్చు చేరేదాకా గాజులకు వడ్డీ మాత్రం కట్టండి, తర్వాత విడిపించండి. మా ఆవిడ ఊరుకోదంటారా, ఈ లెక్క ఆవిడకే చూపించండి. చిట్టీ పాడుకోవచ్చులే అని మాత్రం దీన్ని వాయిదా వేయకండి.

ఇక నోటీసులు. 2025 జులైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ వసూళ్లు చూసి నోటీసులు పంపితే, బెంగళూరులో ఎన్నో కొట్ల ముందు 'ఓన్లీ క్యాష్' బోర్డులు వెలిశాయి. నగదుగా తీసుకున్నా అమ్మకం అమ్మకమే. సరుకుల వ్యాపారానికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి ఏడాదికి 40 లక్షల అమ్మకం, మీరు ఎప్పుడో దాటేశారు. రిజిస్టర్ చేయించుకోండి. కాంపోజిషన్ (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద ఒకే రేటున పన్ను కట్టే పద్ధతి) కింద ఒక శాతం కడితే చాలేమో ఆడిటర్‌ను అడగండి. విడిగా తూచి అమ్మే బియ్యం, పప్పుల మీద జీఎస్టీ లేదు, ఆ లెక్క వేరుగా రాసుకోండి. కొట్టుకు కరెంట్ ఖాతా తెరవండి. లేదంటే బావమరిది పంపిన చేబదులు కూడా అమ్మకంలా కనబడితే సంజాయిషీ చెప్పుకోవాల్సింది మీరే.

క్యూఆర్ ఉంచండి. బ్యాంకు ఖాతా నుంచి వచ్చే యూపీఐకి మీకు చార్జీ లేదు. పైగా మారతహళ్లిలో జేబులో నోట్లు పెట్టుకుని పాల ప్యాకెట్‌కు వచ్చేవాళ్లు ఎంతమంది?

ఫ్రిజ్ కూల్‌డ్రింకుల కోసమే అయితే డిస్ట్రిబ్యూటర్‌ను అడగండి, చాలా కొట్లకు కంపెనీవాళ్లే పెడతారు. కొనక తప్పదంటే బ్యాంకులో ముద్ర లోన్ (చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ పథకం కింద ఇచ్చే అప్పు) అడగండి, అదీ పైన చెప్పిన మూడు నెలల నిధి సగమైనా పోగయ్యాకే.