పాఠకుల ప్రశ్నలు: మోటోక్రాస్ నేర్చుకోవడానికి పెట్రోలు బండా, కరెంటు బండా?

ప్రశ్న: గచ్చిబౌలి స్టేడియంలో 2025 డిసెంబరులో జరిగిన సూపర్‌క్రాస్ పోటీలు చూసి వచ్చినప్పటి నుంచి పదిహేడేళ్ల మా అబ్బాయి మట్టి దిబ్బల ట్రాక్ మీద బైకు పరుగెత్తించే మోటోక్రాస్ నేర్చుకుంటానని పట్టుబడుతున్నాడు. షాద్‌నగర్ దగ్గర మాకు నాలుగెకరాల బీడు భూమి ఉంది, అందులో మట్టి దిబ్బలు పోయించి చిన్న ట్రాక్ చేయించగలను. పెట్రోలు బండే కావాలని వాడు, కరెంటు బండికైతే ఖర్చు తక్కువని మా తమ్ముడు వాదిస్తున్నారు. ఏది కొనమంటారు?
— ఒక తండ్రి, షాద్‌నగర్

జవాబు: బండి సంగతి తరువాత చూద్దాం. మీ పొలం చుట్టుపక్కల ఎవరున్నారో ముందు గుర్తు చేసుకోండి. మీ ప్రాంతంలో కోళ్ల ఫారాలు ఎక్కువ. 250 సీసీ ఫోర్‌స్ట్రోక్ మోటోక్రాస్ ఇంజను పూర్తి వేగం అందుకున్నప్పుడు ఆ చప్పుడు పొలం గట్టు దగ్గర ఆగదు. పక్క ఫారంలో కోళ్లు బెదురుతాయి, కట్టేసిన పశువులు తాళ్లు లాగుతాయి, మూడో ఆదివారానికి ఊరి పెద్దలు మీ ఇంటికి వస్తారు. సాధన చేయడానికి చోటు మిగిలితేనే పిల్లవాడు నేర్చుకోగలడు కనుక, మీ ప్రశ్నకు జవాబును నేను ఈ చప్పుడు దగ్గరే మొదలుపెడతాను. కరెంటు బండిలో వినిపించేది గొలుసు శబ్దం, టైర్ల కింద మట్టి రాలే శబ్దం, మోటారు సన్నని ఈల, అంతే.

కరెంటు బండికి శక్తి చాలదన్న మాట ఒకప్పుడు నిజమే కాని, ఇప్పుడు కాదు. స్పెయిన్‌కు చెందిన స్టార్క్ ఫ్యూచర్ సంస్థ 2021 డిసెంబరులో ప్రకటించిన వార్గ్ బండి 80 గుర్రాల శక్తినిస్తుందని చెప్పింది. పెద్ద తరగతిలో పరుగెత్తే 450 సీసీ పెట్రోలు బండ్లు ఇచ్చేది సుమారు 55 నుంచి 60. అంతేగాక, పెట్రోలు ఇంజను తన బలం చూపించాలంటే అది తిరిగే వేగం పెరగాలి, కరెంటు మోటారుకు ఆ అవసరం లేదు, నిలబడ్డ చోటు నుంచే పూర్తి లాగుడు అందుతుంది. 2024లో బ్రిటన్ అరీనాక్రాస్ (ఇండోర్ స్టేడియంలో వేసిన చిన్న మట్టి ట్రాక్ మీద జరిగే పోటీ) టైటిల్‌ను పెట్రోలు బండ్ల మీద పోటీపడి గెలిచింది ఈ వార్గ్ బండే. హోండా కూడా తన కరెంటు నమూనా బండిని 2023 అక్టోబరులో జపాన్ జాతీయ మోటోక్రాస్ పోటీలో పరుగెత్తించింది.

అయితే అరీనాక్రాస్‌లో ఒక్కో పరుగు కొద్ది నిమిషాలే. ప్రపంచ మోటోక్రాస్ పోటీలో ఒక్కో పరుగు 30 నిమిషాలు, ఆపైన రెండు ల్యాపులు. అసలు తేడా ఇక్కడ బయటపడుతుంది. మన కరెంటు మీటరు లెక్కలో చెబితే, లీటరు పెట్రోలులో సుమారు 9 యూనిట్ల శక్తి ఉంటుంది, ఏడు లీటర్ల ట్యాంకులో 60 యూనిట్లకు పైనే. ఇంజను అందులో ముప్పాతిక భాగాన్ని వేడిగా వృథా చేసినా చక్రానికి 15 యూనిట్ల దాకా చేరుతుంది. వార్గ్ మొదటి బండి బ్యాటరీలో పట్టేదే 6 యూనిట్లు. మోటారు దానిలో చాలా కొద్ది భాగమే వృథా చేస్తుంది కనుక బండి నిలదొక్కుకుంటోంది గాని, ఇసుకలోనో దుక్కి చేసిన తడి నేలలోనో పూర్తి వేగంతో నడిపితే ఆ 6 యూనిట్లు కళ్లముందే కరిగిపోతాయి. పెట్రోలు బండికి డబ్బాలోంచి పోసుకుంటే రెండు నిమిషాల్లో మళ్లీ సిద్ధం, కరెంటు బండికి గంట, రెండు గంటలు ప్లగ్గు దగ్గర కాపలా. బరువు కూడా ఆ బండి 118 కిలోలు తూగుతుంది, అంటే 450 సీసీ బండికన్నా కొన్ని కిలోలు ఎక్కువే. గాలిలో ఎగిరి దిగేటప్పుడు, పడిన బండిని లేపేటప్పుడు ఆ కిలోలు తెలుస్తాయి.

ఖర్చు విషయంలో మీ తమ్ముడి మాట సగం సరైనది. మోటోక్రాస్ ఇంజను మనం రోజూ నడిపే బండి ఇంజను వంటిది కాదు, దాని ఆయుష్షును కిలోమీటర్లలో కాక గంటల్లో లెక్కిస్తారు. హోండా సీఆర్‌ఎఫ్ 250 ఆర్ వంటి బండికి పోటీల్లో సుమారు 15 గంటలు నడిస్తే పిస్టన్, రింగులు మార్చాలని మాన్యువల్ చెబుతుంది. సాధన వరకే అయితే కొంత సాగదీయవచ్చు గాని, ప్రతి సవారీ తరువాతా ఎయిర్ ఫిల్టర్ కడగడం, తరచుగా ఇంజన్ ఆయిల్ మార్చడం తప్పవు. కరెంటు బండికి ఇవేవీ ఉండవు. గొలుసు, స్ప్రాకెట్లు, టైర్లు, బ్రేకు ప్యాడ్లు, సస్పెన్షన్ ఆయిల్ మాత్రం రెండింటికీ ఒకేలా అరుగుతాయి. మిగిలిన సగం బ్యాటరీ. అది దెబ్బతింటే మార్చడానికయ్యే ఖర్చు ఇంజను బాగుచేయించే ఖర్చును మించిపోవచ్చు. అమెరికాలో ఆల్టా మోటార్స్ అనే సంస్థ మంచి కరెంటు మోటోక్రాస్ బండ్లను తయారుచేసి 2018లో మూతపడింది. కొన్నవారు విడిభాగాల కోసం తమలో తాము వెతుక్కోవలసి వచ్చింది. పెట్రోలు బండికి ఆ భయం తక్కువ, చేయి తిరిగిన మెకానిక్ ఎవరైనా ఇంజను విప్పగలడు.

మన దేశంలో దొరికే బండ్లకు వస్తే, కవాసాకి పెట్రోలు బండి కేఎక్స్ 250 ధర ఎనిమిది లక్షల దరిదాపుల్లో ఉంటుంది. అది ట్రాక్ కోసమే, రోడ్డు మీద తిప్పడానికి రిజిస్ట్రేషన్ కాదు. మొదటిసారి ఎక్కేవాడికి అది తగిన బండి కాదని గట్టిగా చెబుతున్నాను. బెంగళూరుకు చెందిన అల్ట్రావయొలెట్ సంస్థ 2025 మార్చిలో షాక్‌వేవ్ అనే తేలికపాటి కరెంటు బండిని ప్రకటించింది, 14.5 గుర్రాల శక్తి, 120 కిలోల బరువు, 4 యూనిట్ల బ్యాటరీ అని లెక్కలు చెప్పి, తొలి వెయ్యి మంది తరువాత ధర 1.75 లక్షలని పేర్కొంది. ఇది వార్గ్‌కు గాని కేఎక్స్‌కు గాని సాటి కాదు, కాని మీ నాలుగెకరాలకు సరిపోతుంది. పెట్రోలే కావాలంటే సెకండ్‌హ్యాండ్ హీరో ఎక్స్‌పల్స్ 200 చూడండి. 150 కిలోలు దాటిన బరువు వల్ల పెద్ద గెంతులకు పనికిరాదు గాని, పడి లేవడం నేర్పుతుంది, చప్పుడూ తక్కువే.

నా సలహా అడిగారు కనుక చెబుతున్నాను: మొదటి ఏడాదికి తేలికైన కరెంటు బండి కొనండి. క్లచ్, గేర్ల గొడవ లేకపోవడంతో నిలబడి నడపడం, మలుపులో కాలు చాచడం, బ్రేకు వేయవలసిన చోటు గుర్తించడం మీద పిల్లవాడి ధ్యాస నిలుస్తుంది. రెండో ఏడాది కూడా ఉత్సాహం తగ్గక, పోటీలకు వెళ్లాలనుకుంటే అప్పుడు పెట్రోలు బండికి మారాలి. మన దగ్గర పోటీల్లో ఎక్కువగా నడిచేవి అవే, క్లచ్ వాడకం రాకుండా వాటిలో నెగ్గుకురావడం కష్టం. హెల్మెట్, మెడపట్టీ, ఛాతీ కవచం, మోకాలి కవచాలు, మోటోక్రాస్ బూట్లు బండి ధరలో భాగమనుకుని ముందే పక్కన పెట్టండి. అవి లేకుండా ఒక్క రౌండు కూడా వద్దు. అబ్బాయికి 18 నిండేదాకా బండిని పొలానికి ట్రాలీలోనే తీసుకువెళ్లండి. మైనరు రోడ్డు మీద బండి నడుపుతూ పట్టుబడితే మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం తండ్రికి 25,000 రూపాయల జరిమానాతో పాటు మూడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు.

ప్రశ్న: మా వైపు మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. కరెంటు డర్ట్ బైకు బ్యాటరీ తట్టుకుంటుందా?
— ఒక యువకుడు, రామగుండం

జవాబు: ఉదయం తొమ్మిదిలోపు నడిపితే తట్టుకుంటుంది. బ్యాటరీ వేడెక్కితే నియంత్రణ వ్యవస్థ తనంతట తానే శక్తిని తగ్గిస్తుంది, అప్పుడు బండిని బలవంతపెట్టవద్దు. దిగిన వెంటనే ప్లగ్గు పెట్టడం చాలామంది చేసే తప్పు. నీడలో చల్లారనిచ్చి, గంట ఆగి ఛార్జింగ్ పెట్టండి. నెలల తరబడి వాడకపోతే సగం ఛార్జింగ్‌తో ఉంచండి. గట్టిగా పడినప్పుడు బ్యాటరీ పెట్టె సొట్టపోయినా, ఉబ్బినా, ఘాటైన వాసన వచ్చినా దానిని ఇంట్లోకి తేకుండా ఆరుబయట, గడ్డివాముకు దూరంగా ఉంచి కంపెనీవారిని పిలవండి.

ప్రశ్న: ఆరేళ్ల మా పాపకు డర్ట్ బైకు నేర్పించాలనుకుంటున్నాం. ఇక్కడ 50 సీసీ పెట్రోలు బండ్లూ, పిల్లల కరెంటు బండ్లూ దొరుకుతున్నాయి. తరువాత పెద్ద బండికి మారేటప్పుడు ఇబ్బంది పడుతుందా?
— ఒక తల్లి, డాలస్

జవాబు: ఆ వయసుకు నేను నిస్సందేహంగా కరెంటు బండే సూచిస్తాను. కేటీఎం ఎస్‌ఎక్స్-ఈ 5 అనే పిల్లల కరెంటు బండిలో ఆరు రైడ్ మోడ్‌లు ఉంటాయి కనుక మొదట్లో అతి తక్కువ వేగానికి కట్టడి చేయవచ్చు, సీటు ఎత్తు మార్చవచ్చు, పైగా కాలు కాల్చే వేడి సైలెన్సరు ఉండదు. నేర్చుకునే పిల్లలకు ఒక ఛార్జింగ్ రెండు గంటల దాకా వస్తుందని కంపెనీ చెబుతుంది. పోటీ వేగంతో నడిపితే 25 నిమిషాలే. మార్పు గురించి బెంగపడకండి. 50 సీసీ పెట్రోలు బండిలో కూడా క్లచ్ దానంతట అదే పనిచేస్తుంది, చేతి క్లచ్, గేర్లు వచ్చేది తరువాతి 65 సీసీ బండితోనే. కాబట్టి ఏ బండితో మొదలుపెట్టినా ఆ పాఠం అప్పుడే నేర్చుకోవాలి, అప్పటికి పాపకు ఎనిమిదేళ్లు నిండి ఉంటాయి.