ఒక్క కథైనా ఎత్తిరాసుకో

అమ్మాయీ, ఆశీస్సులు.

కథలు రాయాలనుకుంటున్న నాకు తాటాకు ప్రతులూ, ఎవరూ తెరవని పాత పుస్తకాలూ ఎందుకండీ అని అడిగావు. ‘రాధికా సాంత్వనం’ సంగతి చెబుతాను.

అది రాసిన ముద్దుపళని 18వ శతాబ్దపు తంజావూరు కవయిత్రి. ఆవిడ కావ్యం తర్వాత అచ్చయితే అయింది కానీ, పీఠికా కొన్ని పద్యాలూ లేకుండా అయింది. ఆవిడ తన గురించి చెప్పుకున్నది ఆ పీఠికలోనే! గాయని బెంగళూరు నాగరత్నమ్మ ఆ అచ్చుప్రతితో సరిపెట్టుకోలేదు. రాతప్రతి సంపాదించి, రెండూ పక్కపక్కన పెట్టి చూసి, 1910లో ప్రచురణకర్తలు వావిళ్లవారి చేత పూర్తిగా వేయించారు. మరుసటి ఏడే ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. 1947లో నిషేధం పోయింది, 1952లో మళ్లీ అచ్చయింది. పాత పుస్తకం చేతికొచ్చినప్పుడల్లా ఇందులో ఎవరేం తీసేశారో, ఎందుకు తీసేశారో ఆలోచించు. రాసేవాళ్లకి ఇంతకంటే పనికొచ్చే అలవాటు నాకు తెలియదు.

అరుదైనదని మాత్రం దేన్నీ నెత్తిన పెట్టుకోకు. బాగాలేకపోతే బాగాలేదనే అను.

వీలైతే తాటాకు ప్రతిని ఒకసారి దగ్గరగా చూడు. గంటంతో, అంటే ఇనప కలంతో, గీసిన అక్షరం మసి పూస్తే గానీ సరిగా కనబడదు. మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉండదు, విడదీసుకోవడం నీ పనే. వాక్యం ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో అప్పుడు తెలుస్తుంది. చాలా ప్రతుల చివర లేఖకులు ఒక సంస్కృత శ్లోకం రాసేవారు: వీపు, నడుము, మెడ విరిగేలా తల వంచుకుని కష్టపడి రాశాను, జాగ్రత్తగా కాపాడండి అని. అది చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

తాటాకులదాకా ఎందుకు? మొదటి ఆధునిక తెలుగు కథ 1910 నాటి గురజాడ ‘దిద్దుబాటు’ అనే చాలాకాలం చదువుకున్నాం. భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ 1902లోనే ‘హిందూ సుందరి’ పత్రికలో వచ్చింది. పాత సంచికలు తిరగేసినవాళ్ల వల్లే మనకది మళ్లీ దొరికింది.

సెలవులకి వేటపాలెం సారస్వత నికేతనానికి వెళ్లు. 1918లో పెట్టిన గ్రంథాలయం, పాత పత్రికలు బోలెడు. ఎవరూ మాట్లాడని కథ ఒకటి పట్టుకుని చేత్తో ఎత్తిరాసుకో. ఫొటో తీసుకుని ఊరుకోకు. అచ్చుతప్పులు దిద్దకు, అనుమానం ఉంటే పక్కన రాసుకో. పత్రిక పేరు, నెల, సంవత్సరం, పేజీ తప్పకుండా వేయి. అవి లేకపోతే నీ తర్వాతివాళ్లు మళ్లీ మొదటి నుంచీ వెతుక్కోవాలి. రాయడం అయ్యాక ఒక కాపీ నాకు పంపు, చదవాలని ఉంది.