సమాధానం: డిసెంబరులో ర్యూకాన్, ఒక్క రోజులో ఎండ దొరుకుతుందా?

మీరడిగింది: ఓస్లో నుంచి అమ్మానాన్నలతో ఒక్క రోజుకు నార్వేలోని ర్యూకాన్ ఊరికి వెళ్తే కొండ మీది అద్దాలు పంపే ఎండ, వెమోర్క్ (పాత జలవిద్యుత్ కేంద్రం, ఇప్పుడు మ్యూజియం) రెండూ కుదురుతాయా అని. కుదురుతాయి, కానీ వరుస ముఖ్యం. ముందు అద్దాలు, తర్వాతే వెమోర్క్.

సెప్టెంబరు చివరి నుంచి మార్చి మధ్య దాకా ఊళ్లోకి నేరుగా ఎండ రాదు. దక్షిణాన గౌస్తా కొండ అడ్డం. డిసెంబరు మూడో వారంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దిగంతానికి 7 డిగ్రీలైనా ఎక్కడు. అందుకే 2013లో ఉత్తరపు కొండ మీద, ఊరికి 450 మీటర్ల పైన మూడు అద్దాలు పెట్టారు. సూర్యుడి వెంట తిరుగుతూ కూడలిలో వెలుగు మడుగు పోస్తాయి. అక్కడ సూర్యుడు నడిమికి వచ్చేది సుమారు 12:25కి. కాబట్టి 11:30కల్లా కూడలిలో ఉండండి.

మబ్బు పడితే అద్దాలు చేసేదేమీ లేదు. చాలామంది నిరాశపడేది ఇక్కడే. ముందురోజు వాతావరణం చూసుకోండి.

అసలైన ఎండ కావాలంటే క్రోసోబానెన్ ఎక్కించండి. జనం ఎండ చూడాలనే 1928లో నోర్స్క్ హైడ్రో అనే కంపెనీ కట్టించిన తీగదారి (రోప్‌వే). ఎర్ర పెట్టె, నీలం పెట్టె. పెద్దవాళ్లకు అద్దాలకంటే ఇదే నచ్చుతుందని నా లెక్క. బయల్దేరేముందు అది నడుస్తోందో లేదో కనుక్కోండి.

వెమోర్క్‌లో వేలాడే వంతెన దాటి ఎక్కుడు దారి నడవాలి, మంచు గడ్డకట్టి జారుతుంది. బూట్లకు తొడిగే ముళ్ల పట్టీలు, అంటే బ్రొడ్డర్, ముగ్గురికీ కొనండి. రైలు ర్యూకాన్ దాకా లేదు. కోంగ్స్‌బర్గ్‌లో దిగి బస్సు.