విదేశాల్లో స్టీరింగ్ పట్టే ముందు

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా విదేశాల్లో డ్రైవింగ్ గురించే అడిగాయి. ఒకే రకం సందేహాలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: కాలిఫోర్నియాలో మా అబ్బాయి దగ్గర ఆరు నెలలు ఉండి రావడానికి వెళ్తున్నాను. పాతికేళ్లుగా కారు నడుపుతున్నాను. ఇక్కడి లైసెన్సు అక్కడ చెల్లుతుందా? ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకోవాలా? – ఒక పాఠకుడు, గుంటూరు

చూడ్డానికి వెళ్లేవాళ్లకు కాలిఫోర్నియాలో సొంత దేశపు లైసెన్సు సరిపోతుంది, దానికి గడువు ఉంటే చాలు. అక్కడే స్థిరపడితే మాత్రం 10 రోజుల్లో ఆ రాష్ట్రం లైసెన్సుకు దరఖాస్తు చేయాలి. పర్మిట్ తప్పనిసరి కాకపోయినా తీసుకునే వెళ్లమంటాం. అమెరికాలో ఈ నిబంధన రాష్ట్రానికొకలా ఉంటుంది, అద్దె కార్ల కౌంటర్లలో కూడా అడుగుతుంటారు. మీకు లైసెన్సు ఇచ్చిన ఆర్టీఏ ఆఫీసులో ఫారం 4ఏ నింపి, పాస్‌పోర్టు నకలు జతచేసి, 1,000 రూపాయల ఫీజు కట్టాలి. సర్వీసు ఛార్జీ అదనం. పర్మిట్ ఏడాది చెల్లుతుంది. ఈలోగా అసలు లైసెన్సు గడువు తీరితే దాంతోపాటే ఇదీ పోతుంది. కాబట్టి ముందు లైసెన్సు మీద తేదీ చూసుకోండి. గడువుకు ఏడాది ముందు నుంచే రెన్యువల్ చేయించుకోవచ్చు. పర్మిట్ ఒక్కటే జేబులో పెట్టుకుని వెళ్తే పనికిరాదు, ఒరిజినల్ లైసెన్సు కూడా చేతిలో ఉండాలి.

చాలామంది మరిచిపోయేది ఇన్సూరెన్సు. మీ అబ్బాయి కారు మీరు నడపాలంటే ఆయన పాలసీ మీకు వర్తిస్తుందో లేదో ముందే కంపెనీని అడగమనండి. అవసరమైతే మీ పేరు చేర్పించాలి. చిన్న గుద్దుడుకే వేల డాలర్ల బిల్లు వచ్చే దేశమది.

ప్రశ్న: ఎమ్మెస్ చదవడానికి అమెరికా వచ్చాను. సిగ్నల్ లేని సెంటర్లలో నాలుగు వైపులా స్టాప్ బోర్డులుంటాయి. ఎవరు ముందు వెళ్లాలో తేలక కంగారు పడుతున్నాను. వెనకవాళ్లు హారన్ కొడుతున్నారు. స్కూలు బస్సు గురించి కూడా చెప్పగలరు. – ఒక విద్యార్థి, కరీంనగర్

మన దగ్గర సెంటర్లో బండి ముక్కు ముందు దూర్చినవాడిదే దారి. అక్కడ ముందు ఆగినవాడిది. తేడా అంతా ఇక్కడే ఉంది.

గీత దగ్గర పూర్తిగా ఆగాలి. వేగం బాగా తగ్గించి మెల్లగా జారిపోవడాన్ని ఆగినట్టు లెక్కవేయరు. చక్రం కదలకుండా నిలబడాలి. డ్రైవింగ్ టెస్టులో మనవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. గీత లేకపోతే పాదచారుల దారికి ముందు, అదీ లేకపోతే అడ్డరోడ్డు మొదలయ్యే చోటుకు ముందు ఆగాలి. ఆగి నాలుగు వైపులా చూడండి. మీకంటే ముందు ఆగిన బండి ముందు వెళ్తుంది, తర్వాత మీరు. ఇద్దరూ ఒకేసారి ఆగితే కుడివైపున్న బండిది దారి. ఎదురెదురుగా ఒకేసారి ఆగి, ఒకరు నేరుగా, మరొకరు ఎడమకు వెళ్లాలనుకుంటే నేరుగా వెళ్లేవారికి ముందు దారి వదలాలి. మీ వంతు వచ్చాక మర్యాదకు పోయి ‘మీరే వెళ్లండి’ అని చెయ్యి ఊపకండి. వరస చెడిపోయి ఇద్దరూ ఒకేసారి కదిలేది అప్పుడే.

ఇంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఎర్ర స్టాప్ బోర్డు కింద చిన్న పలక కోసం చూడండి. ‘ఆల్ వే’ అని ఉంటే అన్ని వైపులవాళ్లూ ఆగుతారు. ఆ పలక లేకపోతే అడ్డంగా వచ్చే రోడ్డుకు స్టాప్ ఉండకపోవచ్చు. వాళ్లు నలభై, యాభై మైళ్ల వేగంతో ఆగకుండా దూసుకొస్తుంటే, ‘నేను ముందు ఆగాను, దారి నాదే’ అనుకుని మీరు కదిలితే బండి పక్కభాగానికి గుద్దేస్తారు. పలక కనబడకపోతే అడ్డరోడ్డు ఆగదనే అనుకోండి.

ఎర్ర లైటు దగ్గర కుడికి తిరగడానికి చాలాచోట్ల అనుమతి ఉంది. అదీ పూర్తిగా ఆగి, నడిచేవాళ్లకు దారి వదిలిన తర్వాతే. వద్దని బోర్డు ఉంటే ఆగాలి. న్యూయార్క్ నగరంలో పద్ధతి తిరగబడుతుంది. అక్కడ తిరగొచ్చని బోర్డు ఉంటేనే తిరగాలి.

పసుపు రంగు స్కూలు బస్సుకు పసుపు లైట్లు మిణుకుతుంటే ఆగడానికి సిద్ధపడాలి. ఎర్ర లైట్లు వెలిగి, పక్కనుంచి స్టాప్ పలక బయటికి వస్తే వెనకవాళ్లే కాదు, ఎదురుగా వచ్చేవాళ్లూ ఆగాలి. ఆ లైట్లు ఆరేదాకా కదలకూడదు. మధ్యలో నిజమైన డివైడర్ ఉంటే ఎదుటివైపు వాళ్లకు చాలా రాష్ట్రాల్లో మినహాయింపు ఉంది. కానీ రోడ్డు మీద గీసిన గీతలు డివైడర్ కావు. మీ రాష్ట్రపు డ్రైవర్ పుస్తకంలో ఈ ఒక్క పేజీ శ్రద్ధగా చదవండి. పిల్లలు రోడ్డు దాటేది బస్సు ముందు నుంచే.

ప్రశ్న: పోలీసులు ఆపితే ఏం చేయాలి? – అదే విద్యార్థి

వెనక ఎరుపు, నీలం లైట్లు కనబడగానే కుడి ఇండికేటర్ వేసి రోడ్డు పక్కన ఆపండి. మనకు అలవాటైనట్టు దిగి ఎస్సై దగ్గరికి కాగితాలు పట్టుకెళ్లడం అక్కడ ప్రమాదకరం, బెదిరించడానికి వస్తున్నారని అనుకోవచ్చు. సీట్లోనే కూర్చోండి. అద్దం దించి, రెండు చేతులూ స్టీరింగ్ మీద కనబడేలా పెట్టండి. కాగితాలు డ్యాష్‌బోర్డు అరలో ఉంటే ఆ మాట చెప్పి, సరేనన్నాకే చెయ్యి పెట్టండి.

ప్రశ్న: మ్యూనిక్‌లో ఉద్యోగం వచ్చింది. ఆటోబాన్ మీద వేగానికి హద్దు లేదంటారు, నిజమేనా? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జర్మనీ హైవేలైన ఆటోబాన్ల మీద కొన్ని భాగాల్లో నిజమే, కానీ సిఫారసు చేసిన వేగం గంటకు 130 కిలోమీటర్లు. మీరు వేగం కంటే ముందు తెలుసుకోవాల్సినవి మూడున్నాయి. ఇళ్ల మధ్య చిన్న సందుల్లో బోర్డూ సిగ్నలూ లేకపోతే కుడివైపు నుంచి వచ్చే బండికి దారి వదలాలి. మీ రోడ్డు వెడల్పుగా ఉన్నా, అవతలిది చిన్న సందైనా ఇదే లెక్క. ఆటోబాన్ మీద కుడివైపు నుంచి ఓవర్‌టేక్ చేయకూడదు, ఎడమ లేన్‌లో ఊరికే సాగిపోనూకూడదు. మూడోది ట్రాఫిక్ ఆగినప్పటి సంగతి. బండ్లు నెమ్మదించగానే, అంబులెన్సు శబ్దం వినబడకముందే, ఎడమ చివరి లేన్‌వాళ్లు ఎడమకు, మిగతా లేన్లవాళ్లంతా కుడికి జరిగి మధ్యలో దారి తెరవాలి. సైరన్ విన్నాక జరుగుదామంటే బండ్ల మధ్య చోటుండదు. ఆటోబాన్ ఎక్కేముందు ఇంధనం చూసుకోండి. అవసరం లేకుండా అక్కడ ఆగడం నేరం, ట్యాంకు ఖాళీ అవడం డ్రైవర్ తప్పుగానే లెక్క.

మన లైసెన్సుతో నివాసం మొదలైన నాటి నుంచి ఆరు నెలలు నడపొచ్చు, జర్మన్ అనువాదం వెంట ఉంచుకోవాలి. ఆ తర్వాత రాతపరీక్ష, రోడ్డు పరీక్ష రెండూ పాసవ్వాలి. డ్రైవింగ్ స్కూల్లో తేదీలు దొరకడానికి సమయం పడుతుంది. వెళ్లిన మొదటి నెలలోనే పేరు నమోదు చేసుకోండి.

ప్రశ్న: ఇంగ్లండ్‌లో మనలాగే ఎడమవైపే కదా, ఇబ్బందేముంటుంది? – ఒక పాఠకుడు, విశాఖపట్నం

పక్క మారదు, అలవాట్లు మారతాయి. రౌండబౌట్‌లోకి వెళ్లేముందు కుడివైపు నుంచి వచ్చేవాళ్లకు ఆగాలి. మన చట్టంలోనూ ఉన్నదే, కాకపోతే అక్కడ పాటిస్తారు. సెంటర్లో రోడ్డు మీద గీసిన పసుపు గీతల పెట్టెలోకి అవతల చోటు ఖాళీ అయ్యేదాకా వెళ్లకూడదు, కెమెరా ఉంటే జరిమానా ఇంటికే వస్తుంది. జనావాసాల్లో రాత్రి 11.30 నుంచి ఉదయం 7 దాకా హారన్ కొట్టకూడదు. ఆగి ఉన్నప్పుడైతే ఎప్పుడూ కూడదు, ఎవరైనా వచ్చి గుద్దేలా ఉంటే తప్ప. డిప్పర్ కొట్టడాన్ని మనం ‘వస్తున్నా, తప్పుకో’ అంటాం. అక్కడ చాలామంది దాన్ని ‘మీరు రండి’ అని అర్థం చేసుకుంటారు. మీరు ఎప్పటిలా కొట్టి ముందుకు వెళ్తే, ఎదుటివాళ్లూ దారి ఇచ్చారనుకుని తిరుగుతారు.

ప్రశ్న: దుబాయ్‌లో బోర్డు మీద ఉన్న వేగానికి 20 కిలోమీటర్లు ఎక్కువ పోవచ్చంటున్నాడు తమ్ముడు. అబుదాబికీ ఇదేనా? – ఒక పాఠకుడు, జగిత్యాల

కాదు. అబుదాబిలో ఆ వెసులుబాటును 2018 ఆగస్టులో తీసేశారు, బోర్డు మీద ఎంత ఉంటే అంతే. ఇంకో మాట, మీ తమ్ముడికి రెసిడెన్సీ వీసా వచ్చాక భారత లైసెన్సు అక్కడ పనికిరాదు.

ప్రశ్న: కుడివైపు డ్రైవింగ్ అలవాటు చేసుకోవడానికి చిట్కా ఉందా? – పలువురు

రద్దీలో పెద్దగా తప్పరు, ముందున్న బండి వెంట పోతారు. తప్పు జరిగేది పొద్దున్నే ఖాళీ రోడ్డు మీదికి, పెట్రోలు బంకు నుంచో పార్కింగ్ నుంచో తిరిగేటప్పుడు. ఏ దేశమైనా డ్రైవర్ సీటు రోడ్డు మధ్య గీత వైపు ఉండాలని గుర్తుపెట్టుకోండి. మొదట్లో కారు తెలియకుండానే కుడి అంచుకు జరుగుతుంది. కుడి అద్దంలో లేన్ గీత చూస్తూ సరిచేసుకోవాలి. మన మారుతి, హ్యుందాయ్ బండ్లలో ఇండికేటర్ కుడిచేతి కింద ఉంటుంది, అక్కడ ఎడమచేతి కింద. ఇండికేటర్ వేయబోతే వైపర్లు కదులుతాయి, ఆ కంగారులో రోడ్డు మీద చూపు తప్పుతుంది. బయలుదేరేముందు ఆగి ఉన్న కారులోనే పది నిమిషాలు ఆ మీటలు నొక్కి చూసుకోండి.