‘రొమ్ముల గడ్డ’: ఒక పక్కనా, రెండు పక్కలా?

సందేహం: మగవారి రొమ్ము గడ్డల మీద ఆరోగ్య కార్యకర్తలకు కరపత్రం రాస్తున్నాం. ‘మగవారికి రొమ్మేమిటి, ఛాతీలో గడ్డ అనండి’ అంటున్నారు కొందరు. ‘రొమ్ముల గడ్డ’ అనడం తప్పా? గడ్డ, కణితి ఒకటేనా?
– ఒక పాఠకుడు, పరకాల

సమాధానం: రొమ్ము ఆడవారికే చెందిన మాట కాదు. ‘రొమ్ము విరుచుకొని నిలబడ్డాడు’ అని మగవాడి గురించే అంటాం. ‘ఛాతీలో గడ్డ’ అంటే వినేవారికి ఊపిరితిత్తులు తోస్తాయి. ఛాతీ ఎక్స్‌రేలో ఏమీ లేదనగానే రోగి ఊరుకుంటాడు. చనుమొన వెనక గడ్డ సంగతి ఆ ఎక్స్‌రే తేల్చదు. దానికి మామోగ్రామ్, అల్ట్రాసౌండ్ కావాలి. రొమ్ము అనే రాయండి.

అసలు చిక్కు ‘రొమ్ముల’ దగ్గరుంది. వరంగల్, కరీంనగర్ పలుకుబడిలో ‘ల’ అంటే ‘లో’: ఇంట్ల, ఊర్ల, ‘చేతుల పైసల్లేవు’. రోగి ‘రొమ్ముల గడ్డయింది’ అంటే రొమ్ములో అని. అచ్చులో చూసినవారు రెండు రొమ్ములకూ అనుకుంటారు. ఈ తేడా వైద్యుడికి చాలా ముఖ్యం. హార్మోన్ల మార్పుతోనో, స్పైరోనోలాక్టోన్ వంటి మందులతోనో, కాలేయం చెడో రొమ్ము గ్రంథి పెరిగితే అది గైనకోమాస్టియా. తరచు రెండు పక్కలా వస్తుంది. చనుమొన కిందే బిళ్లలా, రబ్బరులా తగులుతుంది, నొక్కితే నొయ్యవచ్చు. క్యాన్సర్ గడ్డ సాధారణంగా ఒక పక్కనే, గట్టిగా, నొప్పి లేకుండా ఉంటుంది. గైనకోమాస్టియా ఒక పక్కనే రావడమూ ఉంది కనుక పక్కను బట్టే తీర్పు చెప్పకూడదు. రోగి తన మాట మార్చుకోనక్కర్లేదు. రాసుకునేవారే ‘ఏ పక్క?’ అని అడిగి, ‘ఎడమ రొమ్ములో’, ‘రెండు రొమ్ముల్లోనూ’ అని విడమరచి రాయాలి.

ఇక గడ్డ అంటే చేతికి తగిలేది, చీముగడ్డా గడ్డే. కణితి అంటే కణాలు అదుపు తప్పి పెరిగినది, అదైనా ప్రతిదీ క్యాన్సర్ కాదు. ముక్క పరీక్ష (బయాప్సీ) ఫలితం వచ్చేదాకా ‘గడ్డ’ అనే రాయండి. ‘సూది పరీక్ష’, ‘ముక్క పరీక్ష’ కలిపేయకండి. మొదటిదాంట్లో సన్నసూదితో కణాలే లాగుతారు. రెండోదాంట్లో లావుసూదితో గడ్డలోంచి చిన్న ముక్కే తీస్తారు. క్యాన్సర్ చుట్టుపక్కలకు పాకుతున్నదా, హార్మోన్లకు స్పందిస్తుందా అన్నది సరిగా తేలేది ఆ ముక్కతోనే.

కరపత్రంలో ఒక్క వాక్యం మాత్రం పెద్ద అక్షరాలతో వేయండి: చనుమొన లోపలికి పోయినా, రక్తం కారినా, చర్మం పుండైనా, చంకల బిళ్ల కట్టినా నొప్పి లేదని ఆగకుండా సర్జన్‌కు చూపించుకోవాలి. అక్కడ ‘చంకల’ అనే ఉంచండి, మనవాళ్లకు అర్థమవుతుంది.