స్పెయిన్ గుర్రాలంటే తెల్లటి అండలూసియన్లేనా?

ప్రశ్న: జులైలో స్పెయిన్ వెళ్తున్నాం. హెరెస్‌లో గుర్రాల షోకి టికెట్లు తీసుకున్నాం. అండలూసియన్లు కాక చూడదగ్గ జాతులు ఇంకేమైనా ఉన్నాయా?

హెరెస్ షో తప్పకుండా చూడండి, డబ్బులు దండగ కావు. అక్కడ కనిపించే తెల్లగుర్రాల్లో చాలావరకు పుట్టుకతో తెల్లనివి కావు. ముదురు రంగులో పుట్టి, ఏళ్లు గడిచేకొద్దీ తెల్లబడతాయి. అయితే జులై అన్నారు కాబట్టి చెబుతున్నా, మొదటి వారాంతం కలిసొస్తే స్పెయిన్ వాయవ్య మూలనున్న గలీసియాలోని సబుసెదో అనే ఊరికి వెళ్లండి.

నేను గలీసియా రాజధాని సాంటియాగోలో చదువుకునే రోజుల్లో క్లాస్‌మేట్ ఒకడు తీసుకెళ్లాడు. ఏడాదంతా కొండల మీద తమ మానాన తిరిగే పొట్టి గుర్రాలను ఊరివాళ్లు కలిసి కిందికి తోలుకొచ్చి, రాతిగోడల దొడ్డిలో నింపుతారు. దాన్ని కుర్రో అంటారు. ముందు చిన్నపిల్లలు దిగి గుర్రప్పిల్లలను బయటికి తప్పిస్తారు, తొక్కిసలాటలో నలిగిపోకుండా. ఆ తర్వాత అలోయితదోర్లు, అంటే గుర్రాలను పట్టేవాళ్లు, దిగుతారు. తాడు లేదు, కర్ర లేదు. ఒకరు వీపు మీదికి దూకితే, ఒకరు తలను ఒడిసిపట్టుకుంటారు, ఇంకొకరు తోక దగ్గర. గుర్రం నిలబడగానే జూలు, తోక వెంట్రుకలు కత్తిరించి వదిలేస్తారు. పండగ పేరు రాపా దాస్ బెస్తాస్. పూర్వం ఊళ్లో ప్లేగు వస్తే ఇద్దరు అక్కాచెల్లెళ్లు, తాము బతికి బయటపడితే రెండు గుర్రాలిస్తామని సెయింట్ లారెన్స్‌కి మొక్కుకున్నారట. వాటి సంతతే ఇవని ఊళ్లో చెబుతారు. మన మొక్కుల్లాంటిదే.

నేను గోడ పక్కనే కూర్చున్నా. ఒక గుర్రం మూతి సరిగ్గా నా కాళ్ల దగ్గరికి వచ్చింది. చూస్తే పైపెదవి మీద మీసం! నిజం మీసమే, రెండువైపులా వంగి ఉంది. ఇవి తినే తోహో అనే పొద నిండా ముళ్లే, వాటి నుంచి మూతిని కాపాడటానికే ఆ మీసమని మావాడు చెప్పాడు. ఆ సరదాలో ఉండగానే వెనకనున్న గుర్రం తోక విదిలించింది, నా కొత్త చొక్కా పేడపాలు. ముందు వరసలో కూర్చునేవాళ్లు పాత బట్టలు వేసుకోండి.

అన్ని జంతువులను అంత ఇరుకులో చూస్తే నాకు కాస్త ఇబ్బందిగానే అనిపించింది. మీతో చిన్నపిల్లలుంటే ఆలోచించుకోండి.

టైముంటే పక్కనే ఉన్న అస్తూరియాస్‌లో సుయేవే కొండల మీద అస్తుర్కోన్లు కనిపిస్తాయి, అవీ పోనీలే. (పోనీలు అని అర్థం, పోనీలెండి అని కాదు.) బాస్క్ ప్రాంతపు పోనీ పేరైతే ఏకంగా పొట్టోకా. మనవాళ్లే పెట్టారేమో అనిపిస్తుంది.

సాంటియాగో నుంచి సబుసెదోకి కారులో గంట లోపే. కుర్రోకి టికెట్ ఉంటుంది, ముందే తీసుకోండి. టోపీ మర్చిపోకండి, నేను మర్చిపోయి మెడ కాల్చుకున్నా.